పుచ్చుకునే చేయి: ‘గబ్బిలం’, ‘అంటరాని వసంతం’ రచనల్లో వ్యక్తి సాన్నిహిత్యం – కుల విభజన

తెలుగు బైబిలులో తరచుగా కనిపించే మాటల్లో ‘పొరుగువాడు’ ఒకటి. గ్రీకు మూలంలోని పదానికి ‘దగ్గరివాడు’ అని స్థూలార్థం. అనువాదకులు దానికి తెలుగు ఊరి మాటనే ఎన్నుకున్నారు. ఆ ఎంపిక సహజమైనదే గాని చిక్కులేనిది కాదు. ‘ఇరుగుపొరుగు’ అన్న జంటపదంలో గోడకు గోడ ఆనిన ఇళ్లున్నాయి. పొయ్యిలోకి నిప్పు, తోడుకు మజ్జిగ, అవసరానికి చేబదులు తెచ్చుకునే చనువుంది. ఆ చనువు ఎంత మేర సాగుతుందో ఊరి కట్టడమే చెబుతుంది. మాలపల్లె, మాదిగగూడెం ఊరికి ఎడంగా ఉంటాయి. అక్కడివారు ఊరివారికి పాలేళ్లు కావచ్చు, కూలీలు కావచ్చు, తరతరాలుగా ఎరిగున్నవారు కావచ్చు. పొరుగువారు మాత్రం కారు. కనుక పొరుగువాణ్ణి ప్రేమించాలన్న ఆజ్ఞ తెలుగు నేల మీదికి వచ్చేసరికి, ఎట్లా ప్రేమించాలన్న ప్రశ్నకన్నా ముందు, ఎవరు ఎవరికి పొరుగు అన్న ప్రశ్నను ఎదుర్కోవలసి వచ్చింది.

లూకా సువార్తలోని మంచి సమరయుని ఉపమానం ఈ ప్రశ్నకే జవాబుగా పుట్టింది. ధర్మశాస్త్రం తెలిసిన ఒకడు తన పొరుగువాడెవడని అడుగుతాడు. యేసు నేరుగా జవాబివ్వడు. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడివున్న మనిషి కథ చెబుతాడు. యాజకుడు తప్పుకుపోతాడు, లేవీయుడు తప్పుకుపోతాడు. యూదులు అంటుముట్టు పాటించే సమరయుడొకడు ఆగి, గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంట చేర్చి, ఖర్చు పెట్టుకుంటాడు. చివరకు యేసు ప్రశ్నను తిరగవేస్తాడు: ఈ ముగ్గురిలో ఆ గాయపడినవానికి పొరుగువాడైనవాడెవడు? దీనిని ఉపకారకథగా చదవడం వాడుక. ఉన్నవాడు లేనివానికి, పైవాడు కిందివానికి సాయపడాలన్న నీతిని దాని నుండి పిండడం తేలిక. కథలో ఉన్నది అది కాదు. ఇచ్చిన చేయి వెలివేయబడినవానిది. పుచ్చుకున్నవాడు, సొమ్మసిల్లి ఉన్నాడు గనుక పుచ్చుకున్నాడు. స్పృహలో ఉంటే ఆ చేయి తనను తాకనిచ్చేవాడో లేదో కథ చెప్పదు. ఉపమానంలోని పదునంతా ఆ చెప్పని చోట ఉంది.

యోహాను సువార్త నాల్గవ అధ్యాయంలో ఇదే విషయం మరింత తేటగా కనిపిస్తుంది. సమరయ దేశపు బావి దగ్గర యేసు ఒక స్త్రీని దాహమడుగుతాడు. ఆమె ఆశ్చర్యపోయింది అతడు ఏదో ఇవ్వబోయినందుకు కాదు, తన చేతి నీళ్లు అడిగినందుకు. ఈ ఘట్టంలోని విడ్డూరం ఏ వ్యాఖ్యానమూ లేకుండానే తెలుగు పాఠకునికి అర్థమవుతుంది. కులవ్యవస్థలో దానం ఎప్పుడూ నిషిద్ధం కాదు. ఊరి నుండి పల్లెకు గింజలు పోతాయి, పాతబట్టలు పోతాయి, పండుగనాడు మిగిలిన అన్నం పోతుంది. పల్లె నుండి ఊరికి శ్రమ వస్తుంది, చెప్పులు వస్తాయి, పండించిన పంట వస్తుంది. రానిది కడవెడు నీళ్లు. గీత ఎక్కడుందో ఇవ్వడం దగ్గర తెలియదు, పుచ్చుకోవడం దగ్గర తెలుస్తుంది. క్రైస్తవ ప్రేమ తెలుగు సమాజంలోని సమూహ విభజనను ఏ మేరకు దాటగలిగిందో తూచడానికి ఇంతకన్నా నికరమైన కొలత లేదు. జాషువ ‘గబ్బిలం’, జి.కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ రచనలను ఈ కొలతతో చదివితే, రెండూ ఒకే ప్రశ్నను రెండు వైపుల నుండి పట్టుకున్నాయని తేలుతుంది.

ఒంగోలు, గుంటూరు, దోర్నకల్లు

సాహిత్యంలోకి వెళ్లేముందు చరిత్రలో ఒక సంఘటన దగ్గర ఆగవలసి ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. పట్నంలోని బ్రాహ్మణాది కులాలవారు కొందరు అతని బోధ వినడానికి, పిల్లలను బడికి పంపడానికి సుముఖంగా ఉన్నారు. అదే కాలంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్లవర్తకుడు క్రైస్తవాన్ని స్వీకరించి, తన బంధువర్గాన్ని వెంటబెట్టుకు రావడం మొదలుపెట్టాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని పైకులాలవారు తెగేసి చెప్పారు. ఎటూ తేల్చుకోలేక క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారనీ, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందనీ మిషను చరిత్రలు చెబుతాయి. జ్ఞానులను, బలవంతులను, గొప్పవంశీకులను కాక లోకం లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. క్లౌ మాదిగలను చేర్చుకున్నాడు. పైకులాలవారు తొలగిపోయారు.

1876–78 నాటి మహాకరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల పని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. కరవు సాగినన్నాళ్లు బాప్తిస్మం ఇవ్వడం ఆపివేశాడు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. కరవు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను గురించి మిషను రచనల్లో ఎంతో ఉత్సాహం కనిపిస్తుంది. పరిశోధకునికి ఆసక్తి కలిగించవలసింది అంకె కాదు, ఆ మనుషులు వచ్చిన దారి. పేరయ్య మాట అతని చుట్టాలకు చేరింది. చుట్టాల నుండి వారి వియ్యపువారికి, అక్కడి నుండి మరో గూడేనికి. ప్రేమ సందేశం నడిచింది వ్యక్తి నుండి వ్యక్తికే, సందేహం లేదు. అయితే ఆ వ్యక్తుల మధ్య ముందే ఉన్న బంధం కులబంధం. కొత్త మతం పాత బంధుత్వపు బాటల వెంటే సాగింది గనుక, గీతను దాటకుండానే చాలా దూరం పోగలిగింది.

దీని ఫలితం తరువాతి తరాల్లో స్పష్టమైంది. ఒంగోలు బాప్టిస్టు సంఘంలో మాదిగలు అధికసంఖ్యాకులైతే, 1842లో హయ్యర్ స్థాపించిన గుంటూరు లూథరన్ మిషను సంఘంలో మాలలు అధికసంఖ్యాకులయ్యారు. రెండు సంఘాలు, రెండు ఆరాధనా పద్ధతులు, వాటి అడుగున రెండు కులాలు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, యెరూషలేము నుండి కొందరు రాగానే బంతి నుండి వెనక్కు జరిగాడనీ, పౌలు అందరి ఎదుటా అతనిని నిలదీశాడనీ గలతీయులకు రాసిన పత్రికలో ఉంది. తొలి సంఘపు పెద్ద తగవు సిద్ధాంతం మీద కాక భోజనపు బంతి మీద వచ్చిందన్న సంగతి తెలుగు సంఘాల చరిత్ర రాసేవారు మరింత శ్రద్ధగా చూడవలసినది.

ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ ఉన్న భేదాన్ని క్రైస్తవంలోపలి నుండే ఎత్తిచూపినవాడు వి.ఎస్.అజరయ్య. పుట్టుకచేత తమిళుడు. 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడై, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పయ్యాడు. 1945లో మరణించేదాకా తెలుగు మాల, మాదిగ క్రైస్తవుల నడుమ జీవించాడు. బిషప్పు కావడానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన చేసిన ప్రసంగం అక్కడివారిని నొప్పించింది. తెల్ల మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. ఆస్తి ఇచ్చారు, ప్రాణాలిచ్చారు అని ఒప్పుకున్నాడు. తమకు కావలసింది స్నేహితులని అన్నాడు. ప్రేమను గురించి పౌలు రాసిన ప్రసిద్ధ అధ్యాయాన్నే ఆధారం చేసుకొని, సర్వస్వం దానం చేసినా ప్రేమ లేకపోవచ్చునన్న సత్యాన్ని దాతల ముందు పెట్టాడు. ఒకే బల్ల దగ్గర కూర్చోని దాతృత్వం ఎంత గొప్పదైనా దొర, దాసుల భేదాన్ని నిలిపే ఉంచుతుందన్నది ఆయన వాదం. జాతిభేదం గురించి ఆయన అన్నమాట కులభేదానికి యథాతథంగా వర్తిస్తుంది. దోర్నకల్లులో తాను స్వయంగా ఎదుర్కొన్నది రెండవదే.

గబ్బిలం మోసిన సందేశం

గుఱ్ఱం జాషువ (1895–1971) జీవితంలో వ్యక్తి సాన్నిహిత్యం గీత దాటిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అసలు ఆయన పుట్టుకే అటువంటిది. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవం వారిని ఒక ఇంటివారిని చేసింది. ఇద్దరు మనుషులు గీత దాటితే, ఆ దాటడాన్ని గుర్తించని సమాజం వారి బిడ్డను గీతకు ఆవలివాడుగానే లెక్కించింది. ‘నా కథ’లో జాషువ చెప్పుకున్న అవమానాల వెనుక ఉన్న చిక్కు ఇదే: వ్యక్తులు మారారు, లెక్క మారలేదు. వినుకొండ సభల్లో పద్యం చదివిన కుర్రవానికి కులం అడ్డం వచ్చింది. హిందూ ఇతివృత్తాలతో కావ్యాలు రాసినందుకు క్రైస్తవుల నుండీ నిందలు వచ్చాయి. రెండు ఊళ్లకూ పొరుగు కాలేకపోయిన మనిషి.

అదే జీవితంలో జూపూడి హనుమచ్ఛాస్త్రి ఉన్నాడు. ఆయన దగ్గర జాషువ ‘మేఘసందేశం’, ‘రఘువంశం’, ‘కుమారసంభవం’ చదువుకున్నాడు. సంస్కృతకావ్యం ఎవరు ఎవరికి చెప్పవచ్చునన్నదానికి కట్టుబాట్లున్న కాలంలో ఒక గురువు ఒక శిష్యునికి చెప్పిన పాఠం ఇది. దాని ఫలితం తెలుగు సాహిత్యంలో 1941లో కనిపించింది. ‘గబ్బిలం’ రచనాప్రణాళిక ‘మేఘసందేశం’ నుండి వచ్చిందన్నది విమర్శకులందరూ అంగీకరించిన విషయం. అయితే దానిని కేవలం అనుకరణగానో, అనుకరణకు ఎదురుదెబ్బగానో చూడడం పరిపాటి అయింది. అది రుణం తీర్చుకున్న తీరు కూడా. చెప్పినవాడు ఇచ్చాడు, పుచ్చుకున్నవాడు దానిని సొంతం చేసుకొని, కాళిదాసు యక్షుని స్థానంలో తంజావూరు నాట ఉన్న ఒక అరుంధతీసుతుణ్ణి నిలబెట్టి తిరిగి తెలుగువారికే ఇచ్చాడు. ఆ తిరిగి ఇచ్చినదానిని పుచ్చుకోవడానికి తెలుగువారికి చాలాకాలమే పట్టింది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువ కాలికి గండపెండేరం తొడిగిన ఘటనకు అంత ప్రసిద్ధి రావడానికి కారణం అదే. ఒక బ్రాహ్మణ మహాకవి సన్మానించడం మాత్రమే అయితే అది దానం అయ్యేది. ఆ పాదం ముట్టుకోవడం వల్ల అది వేరొకటయింది.

కావ్యంలోకి వస్తే, ‘గబ్బిలం’ నాయకుడు క్రైస్తవుడు కాడు. క్రైస్తవ కవి రాసిన కావ్యంలో సందేశం శివునికి పోతుంది. జాషువకు క్రైస్తవ సమాధానం చేతిలోనే ఉంది. గూడెంలో మిషను బడి, చర్చి, ఫాదరు, దొర కనిపించేటట్లు చేసి, నాయకుని దుఃఖాన్ని అక్కడికి మళ్లించి ఉండవచ్చును. ఆ పని ఆయన చేయలేదు. కారణం మొహమాటమో, పాఠకులను దృష్టిలో పెట్టుకున్న జాగ్రత్తో అనుకోవడానికి వీలుంది గాని, కావ్యం అంత తేలిక జవాబును అనుమతించదు. ఎవరు గీత గీశారో వారి దేవుని ముందే ఫిర్యాదు పెట్టడం ఆ కావ్యపు బలం. మరో దేవుని దగ్గరకు పోతే అది ఫిర్యాదు కాదు, వలస. జాషువ క్రైస్తవం ‘గబ్బిలం’లో పేరుగా లేదు, చూపుగా ఉంది. రాతి బొమ్మల పెళ్లిళ్లకు పోసే సొమ్ములో పేదవాని ఖాళీ దోసిలికి ఒక్క మెతుకు విదల్చని దేశాన్ని చూసిన చూపు అది. ప్రవక్తల గ్రంథాలు చదివి పెరిగినవానికి ఆ కోపం కొత్త కాదు.

నాయకుని పరిచయ పద్యాల్లో జాషువ నొక్కి చెప్పినది రుణాన్ని గురించి. అతని రెక్కల కష్టం లేకుంటే పైరు పండదు. అతడు కుట్టిన చెప్పులు ఈ దేశపు పాదాలు కందకుండా కాపాడుతున్నాయి. దేశం అతని సేవకు బాకీపడింది. ఇక్కడ మొదట చెప్పిన కొలత పనికివస్తుంది. దేశం అతని నుండి పుచ్చుకుంటూనే ఉంది. అయితే ఎవరి చేతి నుండి పుచ్చుకుంటున్నదో చూడకుండా పుచ్చుకుంటున్నది. ధాన్యం గీత దాటుతుంది, దానిని పండించినవాడు దాటడు. చెప్పు ఊళ్లోకి పోతుంది, కుట్టినవాడు పోడు. వస్తువుకు లేని అంటు మనిషికే ఉంది. జాషువ ఈ వైరుధ్యాన్ని దయ కోసం కాక లెక్క కోసం ముందుకు తెచ్చాడు. బాకీపడినవాడు అప్పిచ్చినవానికి దానం చేయజాలడు. అతడు చేయగలిగినది చెల్లించడమే. దయాపూరితమైన సంస్కరణ సాహిత్యం నుండి ‘గబ్బిలం’ వేరుపడేది ఈ ఒక్క ఊహలోనే.

సందేశవాహకుని సంగతి మరింత ఆలోచించదగినది. నాయకునికి తన మాట మోసుకుపోగల ఒక్క మనిషి కూడా లేడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని అడిగింది విరహంలో చేతనాచేతనాల భేదం తెలియక. జాషువ నాయకుడు గబ్బిలాన్ని అడిగింది అన్నీ తెలిసి. ఇంట్లో దూరితే అశుభమని తరిమే పక్షి అది; గుడిలో మాత్రం శివుని తలపైన తలకిందులుగా వేలాడగలదు. పక్షికీ జంతువుకూ మధ్యది, ఏ గుంపులోనూ చేరనిది. దానికి గుడి ప్రవేశం ఉంది, అతనికి లేదు. పూజారి లేని సమయం చూసి శివుని చెవిన వేయమని అతడు దానిని బతిమాలుకుంటాడు. ఈ కోరికలోని వ్యంగ్యాన్ని విమర్శకులు మెచ్చుకున్నారు. వ్యంగ్యం అడుగున ఉన్న ఒంటరితనాన్ని అంతగా పట్టించుకోలేదు. మనుషుల్లో ఒక్క సమరయుడు కూడా ఆ దారిన రాలేదు గనుక గబ్బిలం అవసరమైంది. వ్యక్తి సాన్నిహిత్యాన్ని గురించి తెలుగులో వచ్చిన కావ్యాల్లో ‘గబ్బిలం’ను ముందు నిలపవచ్చును. అది చిత్రించినది ఆ సాన్నిహిత్యపు లేమిని.

నాయకుని ఉనికికి తంజావూరును ఎంచుకోవడానికి నాయకరాజుల నాటి తెలుగు సాహిత్య వైభవమే కారణం కావచ్చు. కాకతాళీయంగా, కుల విషయమై క్రైస్తవ సంఘం తీవ్రంగా తగవులాడుకున్న చోట్లలో కూడా ఆ పట్నం ఒకటి. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదం పూర్తిగా విడిచిపెట్టాలని ఉత్తరువు పంపితే, తంజావూరు, మద్రాసు వెప్పేరి క్రైస్తవుల్లో పైకులాలవారు ఎందరో సంఘం విడిచిపోయారు. వేరుగా కూర్చోవడం వారికి ఆచారం, ప్రభువు బల్లలో ఒకే పాత్ర నుండి తాగడం వారికి బలవంతం. జాషువ ఈ సంగతిని మనసులో పెట్టుకున్నాడని చెప్పడానికి ఆధారం లేదు. అయినా అతని నాయకుడు చర్చి తలుపు తట్టి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు ఆ పట్నపు చరిత్రలోనే ఒక జవాబు దొరుకుతుంది.

1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. జాషువ క్రైస్తవాన్ని వెదకేవారు నేరుగా ఆ గ్రంథానికి పోవడం, కులవేదనను వెదకేవారు ‘గబ్బిలం’ దగ్గర ఆగిపోవడం పరిపాటి. ఈ విభజన వల్ల రెండు గ్రంథాలకూ నష్టం జరిగింది. ఒకటి భక్తి కింద, రెండవది నిరసన కింద చేరిపోయి, రెండింటినీ రాసిన చేయి ఒకటేనన్న సంగతి మరుగునపడింది. జాషువ కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణంను వివాహమాడి, స్టువర్టుపురంలో నేరస్థజాతులుగా ముద్రపడినవారి మధ్య, నిజామాబాదు ప్రాంతంలో జోగినీల మధ్య పనిచేసిన సంగతి ఇక్కడ తలచుకోదగినది. క్రైస్తవ కవి ఇల్లూ, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి నాస్తికుడైన గోరా ఇల్లూ వియ్యమందుకున్నాయి. ‘పొరుగువాడు’ అన్న మాట ఏ ఒక్క మతం సొత్తూ కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు.

ప్రేమించినవాని చావు

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)లో సంగదాసు, రామానాయుడుల స్నేహం గీతకు ఇరువైపులా ఉన్న ఇద్దరు యువకుల స్నేహం. రైతు చౌదరయ్య కొడుకు రామానాయుడు. ఆ ఇంట పనిచేసే మాల యువకుడు సంగదాసు. చౌదరయ్య చేతిలోనే సంగదాసు మరణిస్తాడు. నవల మీద గాంధేయ ప్రభావం గురించీ, విప్లవ సూచనల గురించీ విస్తారమైన చర్చ జరిగింది. ఆ చర్చలో ఒక చిన్న విషయం తప్పిపోయింది. స్నేహితుడు స్నేహితుణ్ణి కాపాడలేకపోయాడు. రామానాయుని ప్రేమ నిజమైనదే. అయితే ఆ ప్రేమకు ఇంట్లో అధికారం లేదు. వ్యక్తి గీత దాటవచ్చు, దాటిన వ్యక్తి వెనుక పొలం, పెత్తనం, తండ్రి దాటలేదు. ఉపమానంలోని సమరయునికి పూటకూళ్ల ఇంటి యజమాని అయినా సహకరించాడు. ఇక్కడ ఆపాటి సహకారం కూడా లేదు.

ఎనభై ఏళ్లకు దగ్గరగా గడిచాక 2000లో వచ్చిన ‘అంటరాని వసంతం’ ఈ పరిస్థితిని గీతకు అవతలి వైపు నుండి, వారి మాటల్లో, వారి వంశచరిత్రగా చెప్పింది. ఎన్నెలదిన్ని ఎల్లన్న, సుభద్రల కొడుకు శివయ్య. కరవు కాలంలో శివయ్య, శశిరేఖ ఊరు విడిచి కాలువ పనికి వలసపోతారు. అక్కడ ఆకలి అందరిదీ. పని మాత్రం అందరిదీ కాదు. అంటరానివారని తెలియగానే పైకులాల కూలీలు వారిని తరిమివేస్తారు. గుంపుగా ఆకలితో ఉన్నవారే తమకన్నా కిందివారిని వెళ్లగొట్టడం నవలలోకెల్లా కఠినమైన ఘట్టాల్లో ఒకటి. ఒకే కష్టంలో ఉండడం మనుషులను కలుపుతుందన్న నమ్మకం ఈ ఒక్క ఘట్టంతో కూలిపోతుంది. కష్టం కలపదు, కష్టం వచ్చినప్పుడు గీత మరింత లోతుగా పడుతుంది. క్లౌ చరిత్రలో కాలువ పని ఆదరణకు గుర్తు. నవలలో అదే కాలువ పని వెలికి గుర్తు. ఒకే కరవును మిషను చరిత్ర, దళిత నవల ఇంత భిన్నంగా గుర్తుపెట్టుకోవడం గమనించదగినది. ఒకదానితో మరొకదానిని ఖండించనక్కరలేదు. గుత్తకు తీసుకున్న మూడు మైళ్లకు అటూ ఇటూ కాలువ ఇంకా చాలా పొడవుంది.

తరిమివేయబడిన శివయ్యకు మార్టిన్ ఎదురవుతాడు. మార్టిన్ క్రైస్తవుడైన మాల. అన్నం పెట్టి, నీడనిచ్చి, అతనిని మనిషిగా పలకరిస్తాడు. శివయ్య సైమన్ అవుతాడు. ఈ ఘట్టం సమరయుని ఉపమానానికి ఎంతో దగ్గరగా ఉన్నట్టు కనిపించినా ఒక ముఖ్యమైన తేడా ఉంది. సమరయుడు గీత దాటి వచ్చాడు. మార్టిన్ దాటలేదు, గీతకు అదే వైపున ఉన్నాడు. కనుక ఇక్కడ క్రైస్తవ ప్రేమ చేసిన పని విభజనను తొలగించడం కాదు, విభజన కింద నలిగినవారిని నిలబెట్టడం. దీనిని తక్కువ పనిగా కళ్యాణరావు చూపలేదు. నవలా రచయిత దృక్పథం విప్లవ రాజకీయాలది. అయినా మార్టిన్ చిత్రణలో వెటకారం లేదు. గింజల కోసం మతం మారినవారన్న ఎత్తిపొడుపుకు ఆ చిత్రణే జవాబు. ఆకలిగొన్నవాడు మొదట పుచ్చుకున్నది అన్నమే కావచ్చు, దానితోపాటు తనను పేరు పెట్టి పిలిచిన గొంతును కూడా పుచ్చుకున్నాడు.

మార్టిన్ హత్యకు గురవుతాడు. సంగదాసు హత్యకూ ఈ హత్యకూ మధ్య పోలిక యాదృచ్ఛికం కాదు. రెండు నవలల్లోనూ ప్రేమ గల మనిషి కథ సగంలోనే తొలగిపోతాడు. కథ అతడు లేకుండా సాగవలసి వస్తుంది. ఉన్నవ ఆ లోటును త్యాగంగా, ఒక పవిత్ర స్మృతిగా మార్చాడు. కళ్యాణరావు అట్లా మార్చలేదు. శివయ్య కొడుకు రూబేను, రూబేను భార్య రూతు, వారి కొడుకు ఇమ్మానుయేలు, అతని కొడుకు జెస్సీ. ఈ తరాల క్రమంలో పేర్లన్నీ బైబిలువే. దారి మాత్రం ప్రార్థన నుండి పోరాటానికి తిరుగుతుంది. ఇమ్మానుయేలు శ్రీకాకుళ పోరాటంలోకి పోతాడు. ‘దేవుడు మనతో ఉన్నాడు’ అని అర్థమిచ్చే పేరు గల మనిషిని రచయిత ఆ దారిన నడిపించడం ఊరికే జరిగినది కాదు.

ఇక్కడ నవలను గురించి భిన్నాభిప్రాయానికి చోటుంది. మార్టిన్ ప్రేమ చాలలేదు గనుక తరువాతి తరం ఆయుధం పట్టిందన్న చదువు సులువైనది, రచయిత ఉద్దేశానికి దగ్గరైనది కూడా. అయితే నవల చివరి భాగాల్లో సైద్ధాంతిక స్వరం బలపడినకొద్దీ మనుషుల మధ్య దగ్గరితనం పలచబడుతుంది. ఎల్లన్న, సుభద్ర, శివయ్య, మార్టిన్ మాంసమున్న మనుషులు. జెస్సీ దాదాపు ఒక తీర్మానం. ఇది శిల్పలోపం మాత్రమే అయితే చెప్పనక్కరలేదు. వ్యక్తి సాన్నిహిత్యం విభజనను దాటలేదని వాదించే నవల, తన పాఠకుణ్ణి కదిలించడానికి మాత్రం ఆ సాన్నిహిత్యం మీదనే ఆధారపడింది. పాఠకుడు శివయ్య పక్షాన నిలబడేది అతని వర్గాన్ని గురించి తెలుసుకున్నందువల్ల కాదు, కాలువ గట్టున అతని ఆకలిని చూసినందువల్ల.

కులం చర్చిలోకి కూడా వెంటవచ్చిందన్న విమర్శ నవలలో బలంగా ఉంది. అది చరిత్ర సమర్థించే విమర్శ. దానికి రాజ్యం తన వంతు చేర్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారం షెడ్యూల్డు కులం గుర్తింపు హిందువులకే పరిమితమైంది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన మాల, మాదిగలు వెనుకబడిన తరగతుల ‘సి’ జాబితాలో ఉన్నారు. బాప్తిస్మంతో కులం పోయిందని కాగితం చెబుతుంది. పోలేదని గూడెం చెబుతుంది. ప్రేమ తుడిచివేయని గీతను చట్టం తుడిచినట్టు నటించింది. సైమన్, రూబేను వంటి పేర్లు ఇంట ఒకటి, రికార్డులో ఒకటిగా మారిన స్థితిని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం అవసరం.

నవల కథనరీతిని చివరగా చూడాలి. ఈ వంశచరిత్ర అంతా రూతు జ్ఞాపకంగా మనకు అందుతుంది. రూబేను ఆమెకు చెప్పాడు. రూబేనుకు కూడా అది పెద్దలు చెప్పగా దక్కినదే. ఎల్లన్న పాటలు ఎవరూ రాసిపెట్టలేదు. విన్నవారి గొంతులో మిగిలాయి. రూతు ఎన్నెలదిన్నిలో పుట్టలేదు. ఎల్లన్నను చూడలేదు, శివయ్యను చూడలేదు, కాలువ గట్టు నుండి తరిమివేయబడలేదు. ఆమె పుచ్చుకున్నది భర్త మాటలను మాత్రమే. విన్నదానిని తనదిగా చేసుకొని, తాను చూడనివారి ఆకలిని తన ఆకలిగా తలచుకుంటూ చెబుతుంది. మధ్యలో ఆగుతుంది, రూబేను ఎట్లా చెప్పాడో గుర్తుచేసుకుంటుంది, మళ్లీ మొదలుపెడుతుంది.